కుడి పాదం నెంబరు ఇరవై ఏడు

మొదటి రోజు

ఎడమ పాదం: మంచం ఇనుప పట్టీ. చల్లగా ఉంది.
కుడి పాదం: నొప్పి. ఇంకేమీ తెలియడం లేదు.

కట్ట పుస్తకంలో ఇలా రాయకూడదని నాకు తెలుసు. నడకదారులం సముద్రపు కట్ట మీద నడుస్తూ ఎక్కడ నిలబడ్డామో, ఏ పాదానికి ఏం తగిలిందో అంతవరకే రాయాలి. ఇరవై ఆరేళ్ళు అలాగే రాశాను. కానీ పుస్తకంలో ఒక్క రోజు కూడా ఖాళీ ఉండకూడదన్నదీ నియమమే. ఇవాళ నేను కట్ట మీద లేను, ఆసుపత్రి మంచం మీద ఉన్నాను. కాబట్టి మంచం గురించే రాస్తాను. తప్పు పట్టేవాళ్ళు ముందు పద్నాలుగో మైలంతా చెప్పుల్లేకుండా నడిచి రావాలి.

పొద్దున పోటు తీశాక మెట్ల మీదుగా లోపలి వాలు దిగుతున్నాను. సముద్రం ఒత్తిడి అవతలి వైపు ఉన్నా, ఊట పడేది ఇవతలి వాలు మీదే. ఒక రాతి మెట్టు కదిలింది. పాదం రెండు రాళ్ళ మధ్య ఇరుక్కుంది. ఒళ్ళంతా తిరిగింది, పాదం తిరగలేదు. లోపల ఎండుకొమ్మ విరిగినట్టు చప్పుడైంది.

ఏసోబు పరిగెత్తుకొచ్చాడు. ఏసోబు మా మైలులో బస్తాల మనిషి, పద్దెనిమిదేళ్ళుగా నా జట్టు. అతనూ, అతని మనుషులూ కలిసి తడి బంకమట్టి తెచ్చి నా చీలమండ చుట్టూ దట్టించారు. పైన గోనె చుట్టి, తాడుతో బిగించారు. తర్వాత రెండు గంటలు పడవలో, ఎండలో. మట్టి ఎండేకొద్దీ బిగుసుకుపోయింది. వేళ్ళు నల్లబడుతుంటే ఏసోబు వాటిని రుద్దుతూ కూర్చున్నాడు, తాడు మాత్రం వదులు చేయలేదు.

ఆసుపత్రిలో డాక్టర్ మెహరున్నీసా ఆ మట్టిని నీళ్ళతో నానబెట్టి కొద్దికొద్దిగా తీసింది. నలభై ఏళ్ళుంటాయేమో. మాట తక్కువ.

"ఎవరమ్మా ఇలా బిగించింది?"

"మావాళ్ళే డాక్టరమ్మా. ప్రేమ ఎక్కువ."

మట్టి పోయాక చూశాను. పాదం నా పాదంలా లేదు. వంకాయ తొక్కలా మెరుస్తోంది. దాని మీద ఉసిరికాయలంత బొబ్బలు. కొన్నిట్లో నీరు, రెండింట్లో రక్తం.

మంచం పైనున్న జాలీ లోంచి గుమాస్తా మాట్లాడింది. గుమాస్తా అంటే మనిషి కాదు. కట్టనీ, ఆసుపత్రినీ, బియ్యం కోటానీ చూసుకునే యంత్రం. ఆ పేరు మేం పెట్టుకున్నదే.

"నాంచారమ్మగారూ, మీ కుడి చీలమండ లోపలి వైపూ బయటి వైపూ విరిగింది. ఏడో రోజు మధ్యాహ్నం పన్నెండు గంటల్లోగా ఎముక బిగించడం పూర్తి కాకపోతే పాదం తీసివేసి తయారీ పాదం అమర్చబడుతుంది. పదిహేను రోజుల్లో మీరు నడుస్తారు. మీ సహకారానికి ధన్యవాదాలు."

నేను ఇంకా ఏ సహకారమూ ఇవ్వలేదు.

రెండో రోజు

ఎడమ పాదం: దుప్పటి అంచు, చిన్న చిరుగు.
కుడి పాదం: బొటనవేలి కింద దూది. దూదే. తెలిసింది!

దూది తగిలించింది డాక్టరమ్మ. కళ్ళు మూసుకోమని, తెలుస్తోందా అని అడిగింది. తెలుస్తోందని చెప్పాను. తను కూడా ఊపిరి వదిలింది.

"మరి ఇవాళే కోసి బిగించెయ్యండి. ఏడు రోజులు ఎందుకు?"

"ఇవాళ కోస్తే ఎముక అతుకుతుంది, చర్మం అతకదు. వాపు మీద కత్తి పెడితే కుట్లు నిలవవు. లోపల పెట్టిన ప్లేటు బయటికి కనిపిస్తుంది, చీము పడుతుంది. అప్పుడు కాలు నిజంగానే పోతుంది."

"మరెప్పుడు కోస్తారు?"

"చర్మం మీద మళ్ళీ సన్న ముడతలు కనిపించాలి. వాపు తీసిందనడానికి అదే గుర్తు. ఎనిమిది రోజులు పట్టొచ్చు. పన్నెండు కూడా పట్టొచ్చు. మట్టికట్టు లేకపోతే తొందరగా తగ్గేది."

గుమాస్తా లెక్కలో ఏడు, చర్మం లెక్కలో పన్నెండు. మధ్యలో నా పాదం.

అందాకా ఎముకలు కదలకుండా బయటి నుంచి చట్రం బిగించింది. మోకాలి కింద ఎముకలోకి రెండు కడ్డీలు, మడమలోంచి అడ్డంగా ఒకటి. వాటిని కలుపుతూ బయట ఇనుప బద్దలు. చీలమండ జోలికి మాత్రం వెళ్ళలేదు. మత్తు దిగాక ఆ చట్రం చూసి నవ్వొచ్చింది. డాక్టరమ్మ కంగారుపడి జ్వరముందేమోనని నుదురు ముట్టుకుంది.

"జ్వరం కాదమ్మా. ఇది మా పనే! ఊట పడితే మేమూ ఇంతే. దాన్ని మూయం. చుట్టూ బస్తాలతో వలయం కట్టి లోపల నీరు నిలవనిస్తాం. నీటి బరువే నీటిని ఆపుతుంది. పోటు తీసి నీరు దిగాకే మట్టి వేసి మూస్తాం. తొందరపడి మూశామా, పక్కన బుంగ పడుతుంది."

డాక్టరమ్మ నా కాలి వైపు చూసింది.

"మరి మీవాళ్ళు మీ కాలికి మట్టి దట్టించారేం?"



నాలుగో రోజు

ఎడమ పాదం: గోడ. సున్నం పెచ్చులూడింది.
కుడి పాదం: దూది తెలిసింది. చిటికెన వేలి వైపు తెలియలేదు.

ఏసోబు వచ్చాడు. రెండు రోజులు మొహం చాటేశాడు. గుమ్మం దగ్గరే నిలబడి టోపీ నలుపుతున్నాడు.

"రా లోపలికి. నీ నిర్వాకం చూడు."

చూశాడు. బొబ్బలు చూసి మొహం తిప్పుకున్నాడు.

"ఒరే ఏసోబూ, పద్దెనిమిదేళ్ళుగా వలయాలు కడుతున్నావు. ఊట మీద ఎవడైనా మట్టి పెట్టి మూస్తాడంట్రా?"

"ఊటైతే తెల్సక్కా. నీ కాలనేసరికి కంగారుపడిపోయా."

ఆ మాటతో నా కోపం సగం దిగిపోయింది. మిగతా సగం నేనే దాచుకున్నాను, గుమాస్తా కోసం.

ఏసోబు స్టూలు లాక్కుని కూర్చుని తన ఎడమ పంట్లాం పైకి మడిచాడు. మోకాలి కింద నుంచి తయారీదే. ఆరేళ్ళ క్రితం బండరాయి పడి పోయింది. అప్పటిదాకా అతనూ నడకదారే.

"మంచిదేనక్కా ఇది. తుప్పు పట్టదు, ముల్లు గుచ్చుకోదు. నలభై కేజీల బస్తా వేసుకుని వాలెక్కేస్తా. తీయించేసుకున్నా బతకొచ్చు, భయపడమాక."

"తడి తెలుస్తుందా?"

పంట్లాం కిందికి దించుకున్నాడు.

"తెలీదు."

తయారీ పాదాన్ని నేనేమీ అనను. దానితో మనుషులు పెళ్ళిళ్ళలో చిందులేస్తున్నారు. కానీ నా బతుకంతా అరికాలిలో ఉంది. కట్టలో తడి చెప్పడానికి దిగేసిన మేకులు ఉప్పు పేరుకుని ఏడాదికే మొద్దుబారాయి, తడి ఉన్నా పొడి అనే చెబుతాయి. పైకి పొడిగా కనిపించే మట్టి కింద నీరు కదులుతుంటే, దాన్ని ముందు పసిగట్టేది మా చెప్పుల్లేని కాళ్ళే. తొమ్మిది ఊళ్ళు ఈ కట్ట వెనక నిద్రపోతున్నాయి. ఈ పాదం పోతే నేను బతికే ఉంటాను. కానీ నడకదారును కాను. నాకు అది సమ్మతం కాదు.

"పద్నాలుగో మైలు ఎవరు నడుస్తున్నారు?"

"నేనే. ఉన్న కాలుతో."

ఒక్క పాదంతో ఎలా చదువుతున్నాడంటే, కుడి కాలు వేసిన చోటి నుంచి మళ్ళీ అరడుగు పక్కకి అదే కాలు వేస్తున్నాడట. ఒక మైలుకి రెండు మైళ్ళ నడక. చెప్పడానికి కూడా సిగ్గుపడ్డాడు.

ఆరో రోజు

ఎడమ పాదం: రాయాలని లేదు.
కుడి పాదం: దూది తెలిసింది.

గడువు పెంచమని డాక్టరమ్మ నిన్నా ఇవాళా రెండుసార్లు అర్జీ పెట్టింది. రెండుసార్లూ గుమాస్తా ఒకే మాట చెప్పింది: నియమంలో ముడతల ప్రస్తావన లేదు.

"రేపు మీ పాదం తీయడానికి నేను చెయ్యి పెట్టను," అంది డాక్టరమ్మ. "కానీ గుమాస్తాకి చేతులున్నాయి."

నిజమే. శస్త్రచికిత్స గదిలో ఆరు ఇనుప చేతులున్నాయి. వాటికి బతిమాలడం తెలియదు, జాలిపడటం తెలియదు. నియమం ఒక్కటే తెలుసు.

మధ్యాహ్నమంతా దాని గురించే ఆలోచిస్తూ పడుకున్నాను. నియమం తప్ప ఇంకేదీ తెలియని దానితో నియమంతోనే పోట్లాడాలి కదా. నాకు ఆసుపత్రి నియమాలు తెలియవు. కట్ట నియమాలు మాత్రం నిద్రలో లేపి అడిగినా చెబుతాను.

నన్ను పనిలో చేర్చుకున్న రోజు గుర్తొచ్చింది. గుమాస్తా గదిలో నా అరికాళ్ళకి సిరా పూసి, పెద్ద కాగితం మీద అద్దించారు. కుడి పాదం నెంబరు ఇరవై ఏడు, ఎడమ పాదం నెంబరు ఇరవై ఎనిమిది. పారలు, బస్తాలు, పడవలు ఉన్న జాబితాలోనే రాశారు. ఆ రోజు నాకు ఒళ్ళు మండింది. నా కాళ్ళు పారలతో సమానమా అని నెల రోజులు గొణిగాను.

ఇవాళ ఆ మహానుభావుడెవరో గానీ, ఆ రాసిన చెయ్యికి దండం పెట్టాలనిపించింది.

ఏడో రోజు

పన్నెండుకి పది నిమిషాలుండగా బండి వచ్చింది. తోసేవాళ్ళు లేరు, దానంతట అదే వచ్చి మంచానికి ఆనుకుంది. డాక్టరమ్మ గోడకి ఆనుకుని నిలబడింది, పెదవి కొరుక్కుంటోంది.

"నాంచారమ్మగారూ, దయచేసి బండి మీదికి జరగండి," అంది గుమాస్తా.

"కాస్త ఆగు. కట్ట పుస్తకంలో ఇవాళ్టిది రాయలేదు."

"నడకదారు రాస్తుండగా ఆటంకపరచరాదు. రాయండి."

రాశాను. రాసింది గట్టిగా చదివాను.

"కొత్త నమోదు. చోటు: కుడి పాదం నెంబరు ఇరవై ఏడు. ఊట ఉంది. చుట్టూ వలయం కట్టారు. నీరు దిగలేదు. ఎవరూ మూయకూడదు, ఎవరూ తవ్వకూడదు. నాంచారమ్మ, నడకదారు, పద్నాలుగో మైలు."

జాలీ లోంచి గుమాస్తా అభ్యంతరం చెప్పింది.

"కుడి పాదం కట్ట మీద లేదు."

"కట్ట సామాను జాబితా తియ్యి. ఇరవై ఏడో నెంబరు చదువు."

"ఇరవై ఏడు. కుడి పాదం. నాంచారమ్మ. స్థితి: వాడుకలో ఉంది."

"కట్ట సామానుకి వర్తించే నియమం ఏది?"

"కట్టకు వర్తించేదే."

"నమోదు తెరిచి ఉండగా దాన్ని మూసే అధికారం ఎవరికుంది?"

ఈ నియమం ఎందుకొచ్చిందో దానికీ తెలుసు, నాకూ తెలుసు. నా చిన్నప్పుడు ఏడో మైలులో ఒక నడకదారు ఊట ఉందని రాసింది. ఒక అధికారి కుర్చీలో కూర్చునే ఆ నమోదు కొట్టేశాడు. మూడో రోజున గండి పడింది. మా ఊరు అందులోనే పోయింది. అప్పటి నుంచి నడకదారు తెరిచిన నమోదును ఆ నడకదారు చేతిరాత తప్ప ఏదీ మూయలేదు. అధికారి మూయలేడు, గుమాస్తా మూయలేదు.

"నడకదారుకు మాత్రమే ఉంది," అంది గుమాస్తా.

"మరి నేను మూయలేదు."

"పాడైన సామానును తొలగించే అధికారం నాకు ఉంది."

డాక్టరమ్మ తలెత్తింది. ఇది నేను అనుకోలేదు. అయినా నోరు ముందే లేచింది.

"ఊట ఉన్న చోట, నమోదు తెరిచి ఉండగా, ఒక్క బస్తా అయినా తీయొచ్చా?"

"తీయరాదు."

"మరి పాదం తీస్తావా?"

గోడ గడియారం పన్నెండు దాటింది. నేను పుస్తకాన్ని రొమ్ముకి అదుముకుని కూర్చున్నాను. కావాలంటే పుస్తకంతో పాటు నన్ను కూడా కోసుకోమని మొండికేయాలనే ఉంది.

"నమోదు తెరిచి ఉంది. పనీ, గడువూ నిలిపివేయబడ్డాయి," అంది గుమాస్తా. బండి వచ్చిన దారినే వెళ్ళిపోయింది. "దీనివల్ల కలిగే నష్టానికి నడకదారుదే బాధ్యత."

"ఇరవై ఆరేళ్ళుగా నాదేగా!"

డాక్టరమ్మ గోడ మీద నుంచి జారి కింద కూర్చుంది. నవ్వుతోందో ఏడుస్తోందో నాకు సరిగ్గా తెలియలేదు.

ఎనిమిదో రోజు

ఎడమ పాదం: చెమట.
కుడి పాదం: దూది తెలిసింది, ఆలస్యంగా.

నిన్నటి పౌరుషం ఇవాళ లేదు. బయటి వైపు రక్తపు బొబ్బ ఒకటి నల్లగా మారింది. ఒంట్లో వెచ్చగా ఉంది.

"ఇది పైపైన పోయిందో, లోతుగా పోయిందో ఇప్పుడే చెప్పలేను," అంది డాక్టరమ్మ. "లోతుగా అయితే తొడ నుంచి చర్మం తెచ్చి అతకాలి. చీము పట్టి పైకి పాకితే మాత్రం, నమోదు మూయమని నేనే అడుగుతానమ్మా. పాదం కోసం ప్రాణం పోగొట్టుకోకూడదు."

"అడగండి. రాసేది నేను కదా."

అలా అన్నాను గానీ భయమేసింది. నిజంగా భయమేసింది. ఆ నలుపు వైపు చూడకుండా పైకప్పు చూస్తూ పడుకున్నాను. పంతానికి పోయి చేజేతులా చావు తెచ్చుకుంటున్నానా అనిపించింది. గుమాస్తా చెప్పినట్టు విని ఉంటే ఈపాటికి తయారీ పాదం కొలతలు తీస్తుండేవాళ్ళు. నొప్పి కూడా ఉండేది కాదు.

తొమ్మిదో రోజు

ఎడమ పాదం: నేల. ఐదు నిమిషాలు దించనిచ్చారు.
కుడి పాదం: దూది వెంటనే తెలిసింది.

జ్వరం దిగింది. నలుపు పాకలేదు. వాపు కాస్త మెత్తబడింది, మెరుపు మాత్రం పోలేదు.

గుమాస్తా తియ్యగా మాట్లాడింది. "శస్త్రచికిత్స గది ఈ రోజు ఖాళీగా ఉంది. మీరు ఇప్పుడు 'నీరు దిగింది' అని రాస్తే ఎముక ఈ రోజే బిగించవచ్చు. పాదం మీకే ఉంటుంది. రేపటి నుంచి గది ఖాళీ ఉంటుందని హామీ లేదు."

కలం తీశాను. ఇది దాచను. రెండే మాటలు రాస్తే అయిపోతుంది. డాక్టరమ్మ కిటికీ తలుపు తీసి, వెలుగు ఏటవాలుగా పడేలా నా పాదాన్ని తిప్పి చూసింది. ముడత లేదు. ఒక్కటీ లేదు. పాదం దించి పక్కకి జరిగింది. రాసేది నేనని తనకి తెలుసు.

ఇరవై ఆరేళ్ళలో ఈ పుస్తకంలో ఒక్క అబద్ధం రాయలేదు. నా కాలి కోసం రాస్తే, రేపు నేను కట్ట మీద రాసేదాన్ని ఏసోబు ఎందుకు నమ్మాలి?

నీరు దిగలేదు. అదే రాశాను.

పదకొండో రోజు

పొద్దున్నే కిటికీ లోంచి ఎండ పడుతోంది. ఎవరూ రాకముందే నేనే తొంగి చూసుకున్నాను. చట్రం కడ్డీల మధ్య, చీలమండ ముందు వైపు, సన్న గీతలు. ఒకటి, దాని కింద ఇంకొకటి, బయటి వైపు దాకా చీర కుచ్చిళ్ళలా. మెరుపు పోయింది.

"డాక్టరమ్మా!" అని వార్డు ఎగిరిపోయేలా అరిచాను. ముడతల కోసం ఇంతగా కాచుకున్న ఆడది ఈ లోకంలో ఇంకొకతె ఉండదు.

డాక్టరమ్మ చెప్పులు కూడా వేసుకోకుండా వచ్చింది. వేలితో మెల్లగా నొక్కింది. చర్మం కదిలింది. తల ఊపింది.

రాశాను: కుడి పాదం నెంబరు ఇరవై ఏడు. నీరు దిగింది. మూయవచ్చు.

"గది మూడు రోజుల వరకు ఖాళీ లేదు," అంది గుమాస్తా.

"నీరు దిగిన పూటే మూత పని మొదలుపెట్టాలి. కట్ట నియమం, తొమ్మిదోది. చదవమంటావా?"

"అవసరం లేదు," అంది గుమాస్తా. గంటలో గది ఖాళీ అయింది.

పన్నెండో రోజు

ఎడమ పాదం: దుప్పటి.
కుడి పాదం: కట్టు. కట్టు లోపల వేళ్ళు. అయిదూ నావే.

బయటి ఎముకకి ప్లేటు, లోపలి దానికి రెండు మేకులు. నల్లటి మచ్చకి దూరంగా డాక్టరమ్మ వెనక వైపు నుంచి కోసిందట. కుట్లు లాగకుండా దగ్గరికొచ్చాయట. ఇనుప చేతులని ముట్టుకోనివ్వలేదట, అన్నీ తన చేతులతోనే. చెబుతూ చెబుతూ స్టూలు మీదే నిద్రపోయింది. లేపలేదు.

నలభై ఆరో రోజు

కుడి పాదం: నేల. మోపనిచ్చిన బరువు పాతిక కేజీలు. గచ్చు చల్లగా ఉంది, ఒకచోట ఇసుక రేణువు.

నల్లటి మచ్చ అంచుల నుంచి మూసుకుపోయింది, తొడ చర్మం అవసరపడలేదు. చిటికెన వేలి పక్క రెండు వేళ్ళ మేర మాత్రం మొద్దుబారి ఉంది. అది తిరిగి వస్తుందో రాదో చెప్పలేనంది డాక్టరమ్మ. గుమాస్తా జాబితాలో 'లోపం' అని రాయించుకోమంది. ఒప్పుకోలేదు. ఏ పారకి నొక్కు లేదు?

నూట పద్దెనిమిదో రోజు

పద్నాలుగో మైలు. లోపలి వాలు. పోటు తీశాక.

వారం క్రితం ఇక్కడే చెప్పులు విప్పేశాను. మొదటి వంద గజాలు ఏడుస్తూనే నడిచాను. ఏసోబు పక్కనే నడుస్తూ సముద్రం వైపు చూశాడు, మర్యాదస్తుడు.

కుడి కాలితో చిక్కు ఉంది. ప్లేటుకి చలి ఎక్కువ. గాలి వీస్తే చాలు, లోపల చల్లబడిపోతుంది. మొదటి నాలుగు రోజులు ప్రతి అడుగూ తడే అనిపించింది. పుస్తకంలో 'తెలియలేదు' అని మాత్రమే రాశాను. నిలబడి, కళ్ళు మూసుకుని, ఏ చలి ఎక్కడి నుంచి వస్తోందో వేరు చేయడం నేర్చుకున్నాను. ప్లేటు చలి చీలమండలో ఉంటుంది, లోపలి నుంచి బయటికి వస్తుంది. కట్ట చలి అరికాలిలో మొదలై పైకి పాకుతుంది. కొత్తగా పనిలో చేరినదానిలా మళ్ళీ మొదటి నుంచి.

ఇవాళ ఆరో గుర్తురాయి దగ్గర ఆగాను. కుడి పాదంలో చలి మడమ నుంచి పైకి వస్తోంది.

"ఏంటక్కా?" అన్నాడు ఏసోబు.

అదే చోట ఎడమ పాదం పెట్టాను. ఏమీ లేదు. పొడి మట్టి. కుడి పాదం మళ్ళీ పెట్టాను. వచ్చింది.

స్తంభం మీది జాలీ లోంచి గుమాస్తా పలికింది. "మేకుల ప్రకారం ఆరో రాయి దగ్గర పొడిగా ఉంది. ఎడమ పాదం ప్రకారమూ పొడిగా ఉంది. కుడి పాదంలో లోహం ఉంది. దాని మాట పరిగణించనవసరం లేదు."

ఒక నిమిషం నాకూ అనుమానం వచ్చింది. తర్వాత కూర్చుని, కుడి మడమతో మట్టిని గీరాను. పైపొర లేచింది. బెత్తెడు లోతుకి వెళ్ళేసరికి మట్టి రంగు మారింది. ఇంకాస్త గీరితే అడుగున నీరు సన్నగా కదులుతూ ఇసుకని పైకి తెస్తోంది. రేపు అమావాస్య పోటు.

నేను తలెత్తేసరికి ఏసోబు అప్పటికే మొదటి బస్తా భుజానికెత్తుకున్నాడు.

"మూసెయ్యమంటావా అక్కా?" అన్నాడు నవ్వుతూ.

"చంపేస్తాను. చుట్టూ పెట్టు."

కొత్త నమోదు. పద్నాలుగో మైలు, ఆరో రాయి. ఊట ఉంది. వలయం కడుతున్నాం. నేను రాసేదాకా ఎవరూ మూయకూడదు.

ఎడమ పాదం: పొడి.
కుడి పాదం నెంబరు ఇరవై ఏడు: తడి. వాడుకలో ఉంది.